పెళ్ళి ఎవరితో అని అడగడం వైద్యం కాదు

హైదరాబాద్ పాతబస్తీలో ఒక ముస్లిం పిల్లాడికి ఎదుగుదల లేదనగానే మూసీ నదికి ఇవతల తీర్పు సిద్ధంగా ఉంటుంది: "బాబాయి కూతుర్ని చేసుకుంటే ఇంతే మరి." చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారీ మాట. అందులో సగం సైన్సు ఉంది కాబట్టే మిగతా సగం ఎవరి కంటా పడదు.

ఆ సగం ఒప్పుకుంటాను. తల్లీ తండ్రీ ఒకే తాత మనవలైతే, లోపమున్న ఒకే జన్యువు ఇద్దరి నుంచీ బిడ్డకు అందే అవకాశం పెరుగుతుంది. అయితే ఆ లెక్క మన ఇళ్ళ నుంచే మొదలుపెట్టాలి. మేనమామ మేనకోడల్ని పెళ్ళాడటం ఇస్లాంలో నిషిద్ధం. మన తెలుగిళ్ళల్లో మాత్రం అక్క కూతురి మీద తమ్ముడికి హక్కు. జన్యువుల లెక్కలో ఆ జంట దగ్గరితనం అన్నదమ్ముల బిడ్డల జంటకు రెట్టింపు. వేలెత్తి చూపే ముందు ఇంట్లో పాత పెళ్ళి ఫోటోలు ఓసారి తిరగేస్తే మంచిది.

చుట్టరికం లేకపోయినా ముప్పు తప్పదు. హైదరాబాద్ పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియాలోని 263 సమూహాల్లో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని తేలింది. ఉదాహరణకు, వైశ్యుల్లో కొందరు ఆపరేషన్ వేళ కండరాలు సడలించే ఒక మందు నుంచి తొందరగా తేరుకోరని మత్తు డాక్టర్లకు తెలుసు. దానికి బాబాయి కూతురే అక్కర్లేదు, తరతరాలుగా కులం గడప దాటకపోతే చాలు.

అసలు సంగతి 2004లోనే అచ్చయింది. హైదరాబాద్‌లోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసికందుల మడమ గుచ్చి, రక్తపు చుక్కల్ని ప్రత్యేక కాగితం మీద ఆరబెట్టి, పరిశోధకులు రమాదేవి, నౌషాద్ పరీక్షించారు. వెయ్యి మందిలో ఒకరికి పుట్టుకతోనే జీవక్రియ లోపం. పుట్టు థైరాయిడ్ లోపమైతే 1,700 మందిలో ఒకరికి. మేనరికం వాదం చతికిలబడేది ఇక్కడే. థైరాయిడ్ లోపమున్న బిడ్డల్లో ఎక్కువమందికి గ్రంథి సరిగా ఏర్పడకపోవడమో, ఉండాల్సిన చోట లేకపోవడమో కారణం. చాలావరకు అది వంశంలో వచ్చేది కాదు.

పుట్టినప్పుడు ఆ బిడ్డలో తేడా ఏమీ కనిపించదు. పాలు తాగి పడుకుంటుంది, పెద్దగా ఏడవదు. "బంగారు తల్లి, రాత్రంతా నిద్రపోనిస్తోంది" అని నానమ్మ మురిసిపోతుంది. కామెర్లు తొందరగా తగ్గవు. మలబద్ధకం, బొడ్డు ఉబ్బు, నాలుక లావెక్కడం. ఇవన్నీ ఒక్కొక్కటే బయటపడేసరికి మెదడు ఎదగాల్సిన నెలలు జారిపోతాయి. మొదటి రెండు వారాల్లోనే థైరాక్సిన్ మాత్ర నలిపి తల్లిపాలలో కలిపి పట్టడం మొదలుపెడితే, ఆ పిల్ల తోటివాళ్ళతో పాటు బడికి వెళ్తుంది. అదేమీ అపురూపమైన మందు కాదు, ఎన్నో ఇళ్ళల్లో అమ్మలు పరగడుపున వేసుకునేదే.

అదే 2004 అధ్యయనంలో పుట్టు అడ్రినల్ లోపం 2,575 మందిలో ఒకరికి. ఇది వంశంలో వచ్చేదే, ఇక్కడ మేనరికం మాట నిలుస్తుంది. ఆడబిడ్డ అయితే జననాంగాల తేడా చూసి ఎవరైనా అనుమానిస్తారు. మగబిడ్డ మామూలుగానే ఉంటాడు. రెండో వారంలోనో మూడో వారంలోనో ఒంట్లో ఉప్పు కారిపోయి, వాంతులతో వాడిపోతాడు. మేనరికమే కారణమని అంత గట్టిగా నమ్మేవాళ్ళు ఆ ఇళ్ళల్లో పరీక్ష ముందు చేయించాలి కదా? ఎవర్ని చేసుకున్నారని అడుగుతారు, చుక్క రక్తం తీశారా అని మాత్రం అడగరు.

అరుదైన జబ్బులకు పేద దేశం ఎక్కడని ఖర్చుపెడుతుందన్నది ఇంకో వాదం. ఏళ్ళ తరబడి ఎంజైమ్ ఇంజక్షన్లు కావాల్సిన జబ్బుల విషయంలో అది నిజమే. థైరాక్సిన్ సీసా ఆ పద్దులోకి రాదు. 2013లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టు థైరాయిడ్ లోపాన్ని జాబితాలో చేర్చి, పక్కన ఐచ్ఛికమని రాసింది. కేరళ ప్రభుత్వ ఆసుపత్రులు మడమ పరీక్షను ఎంచుకున్నాయి.

పాతబస్తీలోని పేట్లబుర్జు ప్రసూతి దవాఖానా నుంచి బాలింతను ఇంటికి తీసుకెళ్ళే అత్తగారి చేతిలో టీకాల కార్డు ఉంటుంది. బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి, పుట్టగానే పడాల్సిన మూడింటికీ గళ్ళున్నాయి. ఆ వరుసలో ఇంకో గడికి చోటుంది.