ఉపాధ్యాయుల శిక్షణ: ఉత్తర్వులా, ఉమ్మడి కృషియా?

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో బడిపంతుళ్ళ శిక్షణను గురించిన వ్యాసం ఎందుకని కొందరు సోదరులు ప్రశ్నించవచ్చును. ఇందుకు రెండు కారణాలున్నవి. మన సభ్యులలో అత్యధికులు బిడ్డలను బడికి పంపుతున్న తల్లిదండ్రులు. వారిలో చిన్న స్టేషన్లలోను, బ్రాంచి తపాలా కార్యాలయాలలోను పనిచేసేవారికి దగ్గరలోనున్న ప్రభుత్వ పాఠశాలయే దిక్కు. అక్కడి ఉపాధ్యాయుడు తన వృత్తిలో ఎదుగుతున్నాడా లేదా అన్నది మన ఇంటి సమస్య. ఇక రెండవ కారణం: నేడు ఉపాధ్యాయునికి ఏ పద్ధతిలో శిక్షణ ఇస్తున్నారో, ఆ పద్ధతే మన శాఖలలోను ప్రవేశించినది. అక్కడి మంచిచెడ్డలు తెలుసుకొనుట మనకు అవసరం.

గడచిన కొన్ని సంవత్సరాలలో కేంద్ర ప్రభుత్వం ఈ రంగంలో పెద్ద ఏర్పాట్లే చేసినది. 2017 సెప్టెంబరులో ‘దీక్ష’ అనే వేదికను ప్రారంభించినది. 2019లో ‘నిష్ఠ’ అనే పేరుతో సుమారు 42 లక్షల మందికి శిక్షణ ఇచ్చే లక్ష్యాన్ని ప్రకటించి, 2020లో దానిని ఆన్‌లైన్ పద్ధతికి మార్చినది. ప్రతి ఉపాధ్యాయుడు, ప్రధానోపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి వినియోగించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పినది. ఉపాధ్యాయులందరూ ఒకరితో ఒకరు అనుసంధానమై నూతన బోధనా పద్ధతులను పంచుకుంటారని ఆశయం.

ఆశయాన్ని మేము కాదనడం లేదు. యంత్రానికి మేము విరోధులం కాము. ఏజెన్సీ ప్రాంతపు ఉపాధ్యాయుడు తన చేతిలోని ఫోనులో మంచి పాఠం చూడగలిగితే అది మేలే. కాని ఎవరు ఎవరితో అనుసంధానమైనారు అన్నదే మా ప్రశ్న. పైనుండి ఒక పాఠం దిగుతున్నది. క్రింది ఉపాధ్యాయుడు దానిని చూచి, ప్రశ్నలకు గుర్తులు పెట్టి, ధ్రువపత్రం తీసుకుంటున్నాడు. పక్క ఊరి ఉపాధ్యాయునికి భిన్నాల లెక్కలలో ఎదురైన చిక్కే తనకూ ఎదురైనదని అతనికి తెలిసే అవకాశం అందులో ఎంత ఉన్నది? తీగె పైకీ క్రిందికీ కలిసినంత మాత్రాన పక్కవాడితో సంబంధం కుదరదు.

ఉపాధ్యాయుల అనుసంధానం ఈనాడు కొత్తగా పుట్టిన మాట కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా ఇందుకు నిదర్శనం. ఆ జిల్లాను ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. దక్షిణాదినుండి ఢిల్లీ వెళ్ళే బళ్ళలో పనిచేసిన మన సోదరులకు ఆ జిల్లాలోని ఇటార్సీ జంక్షన్ చిరపరిచితమే. అక్కడ 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ అనుమతితో 16 మాధ్యమిక పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధనను మార్చే పని చేపట్టినవి. పిల్లలు పాఠాన్ని వల్లెవేయకుండా ప్రయోగం తామే చేసి, చూచినది వ్రాసి, చర్చించి, నిర్ణయానికి రావాలన్నది దాని సూత్రం. 1978లో అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యతను స్వీకరించినది.

ఖరీదైన పరికరాలు పల్లెటూరి బడికి ఎక్కడివి? పువ్వును విడదీసి చూచేందుకు సూదులకు బదులు తుమ్మముళ్ళు వాడినారు. 1978లో అరవింద్ గుప్తా అనే ఇంజనీరు తన ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఒక సంవత్సరం సెలవు పెట్టి అక్కడికి వెళ్ళినారు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి రేఖాగణితపు ఆకృతులు తయారుచేసే పద్ధతి ఆయన అక్కడనే రూపొందించినారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుండి, టాటా మౌలిక పరిశోధనా సంస్థనుండి శాస్త్రజ్ఞులు వచ్చి పల్లె ఉపాధ్యాయుల సరసన కూర్చుని పనిచేసినారు.

అయితే ఆ కార్యక్రమానికి ప్రాణం పరికరాలలో లేదు. వేసవిలో జరిగే శిక్షణతో పని ముగిసేది కాదు. కొన్ని పాఠశాలలకు ఒక సంగమ కేంద్రాన్ని నిర్ణయించి, అక్కడ ఉపాధ్యాయులు నెలనెలా సమావేశమయ్యేవారు. ఏ ప్రయోగం సాగలేదు, పిల్లలు అడిగిన ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదు, పుస్తకంలో ఏ వాక్యం అయోమయంగా ఉన్నది అని చెప్పుకునేవారు. వారు చెప్పిన దానినిబట్టి ‘బాల వైజ్ఞానిక్’ పాఠ్యపుస్తకం సవరించబడేది. అనుభవం గడించిన ఉపాధ్యాయులే క్రమంగా ఇతరులకు శిక్షకులైనారు. పరీక్షలో పుస్తకం దగ్గర ఉంచుకొనవచ్చును. ప్రయోగం మాత్రం చేసి చూపాలి. నేర్చుకున్నవాడే నేర్పేవాడైనాడు. వృత్తిలో ఎదుగుదల అంటే ఇంతకంటె ఏమున్నది?

ఇందులో మన తపాలా సోదరులు గర్వించదగిన విషయమొకటి ఉన్నది. పిల్లలకు తోచిన సందేహాలు వ్రాసి పంపేందుకు ‘సవాలీరామ్’ అనే ఒక కల్పిత వ్యక్తిని సృష్టించినారు. ఆకాశం నీలంగా ఎందుకుంటుంది వంటి ప్రశ్నలు మోస్తూ ఉత్తరాలు వచ్చేవి. ఆ పేరుమీదనే జవాబులు పోయేవి. ఉపాధ్యాయులకు ‘హోషంగాబాద్ విజ్ఞాన్’ అనే బులెటిన్ ఉండేది. ఇంటర్నెట్ లేని ఆ రోజులలో రైలు, తపాలా, నెలవారీ సమావేశం, ఈ మూడే వారిని కలిపిన సాధనాలు. తపాలా సంచిని రైలుకెక్కించినవారు, ఎండలో నడిచి ఉత్తరం బట్వాడా చేసినవారు ఆ విద్యాకృషిలో తమకు తెలియకుండానే భాగస్వాములైనారు.

ముప్పై సంవత్సరాలు సాగి, అనేక జిల్లాలకు ప్రాకిన ఈ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసినది. రాష్ట్రమంతటా ఒకే పాఠ్యపుస్తకం, ఒకే పద్ధతి ఉండాలన్న వాదం గెలిచినది. ఒక తరం ఉపాధ్యాయులు కూడబెట్టిన అనుభవం ఒక్క ఉత్తర్వుతో పక్కకు నెట్టబడినది. నలుగురు కలిసి నేర్చుకొనుట అధికారుల దయగా ఉన్నంతకాలం అది ఎప్పుడైనా ఆగిపోవచ్చును. హక్కుగా మారినప్పుడే నిలుస్తుంది.

తెర వలన ప్రయోజనం లేదని ఎవరైనా అంటే, మేము 1975ను జ్ఞాపకం చేస్తాము. ఆ సంవత్సరం ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందినవి. ఆ ప్రయోగంలో భాగంగా సుమారు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ పొందినారు. అయితే వారిని టెలివిజన్ ముందు ఒంటరిగా కూర్చోబెట్టలేదు. ప్రసారంతోపాటు రేడియో పాఠం, అచ్చువేసిన పుస్తకం, చేతితో చేయవలసిన ప్రయోగాలు, సందేహాలు తీర్చే మనిషి ఉండేవారు. తెరను పనిముట్టుగా వాడినారు. గురువు పీఠం దానికి అప్పగించలేదు. యాభై ఏళ్ళనాడు తెలిసిన ఈ సంగతి నేటివారు మరచిపోవుట విచారకరం.

మన తెలుగునాట కూడ ఇటువంటి కృషి జరిగినది. 1980, 90 దశకాలలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం క్రింద ఉపాధ్యాయ కేంద్రాలు వెలసినవి. చుట్టుపక్కల పాఠశాలల వారు అక్కడ కలిసి, కృత్యాల ద్వారా బోధించే పద్ధతులు చర్చించుకునేవారు. మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, పలు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండే బడికి సరిపడే అభ్యాస కార్డులను రూపొందించినది. ఏ పిల్లవాడు ఎంతవరకు వచ్చినాడో అక్కడినుండి తన వేగంతో తాను ముందుకు సాగుతాడు. 2003లో చెన్నై నగరపాలక సంస్థ ఉపాధ్యాయులు అక్కడికి వచ్చి, కళ్ళారా చూచి, తమ బడులలో అమలుచేసినారు. 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ ఆ పద్ధతి వ్యాపించినది. ఒక బడిలో పుట్టిన ఆలోచన రాష్ట్రపు ఎల్లలు దాటినదంటే, ఉపాధ్యాయుడు మరొక ఉపాధ్యాయుని గదిలో కూర్చుని చూడటంతోనే ఆ ప్రయాణం మొదలైనది.

సమావేశాలన్నీ సవ్యంగా జరిగినవని మేము చెప్పడం లేదు. సంతకం చేసి, టీ త్రాగి, ప్రయాణభత్యం బిల్లు నింపి ఇంటికి పోయే సమావేశాలూ ఉన్నవి. అయితే ఎజెండా పైనుండి వచ్చి, సర్క్యులర్లు చదువుటతో పొద్దు గడిస్తే అంతకంటె ఏమి జరుగుతుంది? తన తరగతి గదిలోని చిక్కును గురించి మాట్లాడే వీలున్నచోట ఉపాధ్యాయుడు గడియారం చూడడు.

అసలు కలిసేందుకు తీరిక ఏది? 2024-25 ప్రభుత్వ గణాంకాల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నవి. వాటిలో 33 లక్షలకు మించిన విద్యార్థులు చదువుతున్నారు. అటువంటి బడులు అన్నింటికంటె ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కావడం మనం తలవంచుకొనవలసిన విషయం. ఉన్న ఒక్క మాస్టారు సమావేశానికి పోతే బడికి తాళం. పోకపోతే ఆయన ఎదుగుదలకు తాళం. పగలు బోధన, మధ్యాహ్న భోజనపు లెక్కలు, ఫోనులో హాజరు, ఫోటోలు. రాత్రి ఇంటివద్ద శిక్షణ పాఠాలు. దీనిని వృత్తి వికాసమని పిలుచుట న్యాయం కాదు.

ఈ వర్ణన మనవారికి ఎక్కడో విన్నట్లు తోచడం సహజం. తపాలా శాఖలో 2022 జూన్‌లో ‘డాక్ కర్మయోగి’ వేదిక ప్రారంభమైనది. రైల్వేలోనూ ఆన్‌లైన్ కోర్సులు వచ్చినవి. కౌంటరు ముందు జనం బారులు తీరినప్పుడు పాఠం ఎట్లా వినాలి? డ్యూటీ దిగినవాడు విశ్రాంతిని తగ్గించుకుని వినాలా? ట్రాక్ మెయింటెయినర్‌కు పట్టాల సంగతి, పోస్ట్‌మన్‌కు బట్వాడా మర్మం నేర్పినది ఎక్కువగా పక్కనున్న సీనియరే. ఆ పక్కనున్నవాని పోస్టు ఖాళీగా మిగిలిపోతే ఏ కోర్సు ఆ లోటు తీర్చగలదు?

కనుక మా అభిప్రాయం స్పష్టం. ఉపాధ్యాయుల నెలవారీ సమావేశాన్ని డ్యూటీగా పరిగణించి, పనివేళలలోనే జరిపి, ప్రయాణభత్యం ఇవ్వాలి. ఏటా 50 గంటలలో సగమైనా ఇటువంటి ముఖాముఖి కృషికి కేటాయించాలి. చర్చనీయాంశాలను ఉపాధ్యాయులే నిర్ణయించుకోవాలి. వారిలోనుండే శిక్షకులు రావాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలలో రెండవ ఉపాధ్యాయుని నియమించాలి. అంతవరకు సమావేశపు రోజున బదులు ఉపాధ్యాయుని పంపాలి. ఆన్‌లైన్ పాఠాలు వీటికి తోడుగా ఉండాలేగాని బదులుగా ఉండరాదు.

ఇందులో మన కర్తవ్యమూ ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మన సభ్యులు ఆ కమిటీలకు ఎన్నిక కావాలి. సమావేశంలో కూర్చుని మాస్టారి హాజరు మాత్రమే అడిగి లేచిరావద్దు. మీరు ఈ నెల మీ తోటి ఉపాధ్యాయులను కలిశారా, కలవలేకపోతే అడ్డమేమి, మేము ఎవరికి వ్రాయాలి అని అడగండి. ఆ జవాబును వినతిపత్రంగా వ్రాసి మండల విద్యాశాఖాధికారికి అందజేయండి. దాని నకలును మీ శాఖా కార్యదర్శికి ఇవ్వండి. ఒక్కొక్క బడినుండి కదలిన కాగితాలు ఒకచోట చేరితే, వాటిని పైకి తీసుకుపోవలసిన బాధ్యత మాది.