ర్యామ్ ఓవర్‌క్లాకింగ్: యూట్యూబ్ టైమింగ్స్ మన మే నెల ఎండకు నిలబడతాయా?

బాక్స్ మీద 3600 అని పెద్దక్షరాల్లో వేస్తారు, లోపల ఎవరి చిప్ ఉందో మాత్రం చెప్పరు. ర్యామ్ కొనేటప్పుడు నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఒకే మోడల్ పేరు మీద ఒక బ్యాచ్‌లో శాంసంగ్, ఇంకో బ్యాచ్‌లో మైక్రాన్ రావచ్చు. కోర్సెయిర్ డీడీఆర్4 స్టిక్కర్ మీద వెర్షన్ నంబర్ చూడండి: 3తో మొదలైతే మైక్రాన్, 4 అయితే శాంసంగ్, 5 అయితే హైనిక్స్. 4.31 అని ఉంటే అది అందరూ వెతికే బీ-డై.

స్పీడ్ లెక్క కూడా చాలామంది సగమే చూస్తారు. సీఎల్‌ని 2000తో గుణించి డేటా రేటుతో భాగిస్తే లేటెన్సీ నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4 3200 సీఎల్14కి 8.75. 3600 సీఎల్18కి 10. ఖరీదైన డీడీఆర్5 6000 సీఎల్30కి కూడా 10 ఏ!

వోల్టేజ్ పెంచితే బీ-డై టైమింగ్స్ చక్కగా దిగుతాయి. టీఆర్ఎఫ్‌సీ 160-180 నానోసెకన్ల దాకా వస్తుంది. మైక్రాన్ ఈ-డైలో అది 300 దగ్గరే ఆగిపోతుంది. అయినా నా ఓటు మైక్రాన్‌కే. బీ-డైకి శాంసంగ్ 2019లోనే ముగింపు ప్రకటించింది, ఇప్పుడు దొరికేది ఎక్కువగా సెకండ్ హ్యాండే. దానికంటే పెద్ద కారణం ఎండ.

మాది కాణిపాకం. మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని రూమ్‌లో పీసీ పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. డీర్యామ్ అంటే బుల్లి కెపాసిటర్లలో దాచిన చార్జ్. వేడి పెరిగేకొద్దీ అది త్వరగా కారిపోతుంది. అందుకే డీడీఆర్4లో 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి రిఫ్రెష్ వెళ్తుంది. యూట్యూబ్‌లో స్కోరు కోసం ఆ గ్యాప్‌ని, అంటే టీఆర్ఈఎఫ్ఐని, 65535కి తోసేస్తారు. 3600 స్పీడ్‌లో అది 36 మైక్రోసెకన్లు దాటుతుంది! చల్లటి రూమ్‌లో నడుస్తుందేమో. మన దగ్గర, అందులోనూ టైట్‌గా బిగించిన బీ-డై, 50 డిగ్రీల దగ్గరే ఎర్రర్లు మొదలెట్టొచ్చు.

బ్లూ స్క్రీన్ వస్తే అదృష్టమే, కనీసం తెలుస్తుంది. ఏ మెసేజూ లేకుండా ఒక బిట్ తిరగబడి, అది అలాగే డిస్క్‌లో సేవ్ అయిపోతే? ఇంట్లో కూర్చుని కోడ్ రాసే నాలాంటోళ్లకు అసలు భయం అదే. డీడీఆర్5లో ఆన్-డై ఈసీసీ ఉంది కదా అంటారు. అది చిప్ లోపలి తప్పునే సరిదిద్దుతుంది, చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో వచ్చే తప్పు దానికి కనపడదు.

మా ఊళ్లో మాట మీద అనుమానం వస్తే గుళ్లో ప్రమాణం చెయ్యమంటారు. "నా ర్యామ్ ఫుల్ స్టేబుల్" అని స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లలో ఎంతమంది వరసిద్ధి వినాయకుడి ముందు ఆ మాట అనగలరో!

జనవరి రాత్రి పాసైన మెమ్‌టెస్ట్86ని నేను లెక్కలోకి తీసుకోను, అది నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ ఖాళీగా ఉంటుంది. మధ్యాహ్నం ఒక గంట గేమ్ ఆడి, కేస్ వేడెక్కాక టెస్ట్‌మెమ్5 పెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి తగ్గాల్సిందే. రైజెన్ 5000 వాడేవాళ్లు 3600 దగ్గర ఆగండి, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 1800తో సరిసమానంగా నడుస్తుంది. వోల్టేజ్ 1.35 చాలు, టీఆర్ఈఎఫ్ఐ జోలికి పోవద్దు. ఆర్జీబీకి పెట్టే డబ్బుతో ర్యామ్ మీదికి గాలి కొట్టే 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి కొనుక్కోండి.