ఇటాలియన్ స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? అబార్త్ వద్దు, లీనియా టీ-జెట్ చూడండి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి కారు గురించి రాస్తున్నా. అది కూడా ఇటాలియన్ స్పోర్ట్స్ కారు. నవ్వకండి. బడ్జెట్ నాలుగు లక్షలు, ఇల్లు పాల్వంచ. ఆ నాలుగులో లక్ష మా నాన్నది, సింగరేణి రిటైర్‌మెంట్ డబ్బుల్లోంచి తీసి ఇచ్చాడు. అందుకే ఇదంతా సరదాగా మొదలైనా సరదాగా సాగలేదు.

ఫెరారీ, లంబోర్గినీ సంగతి ముందే తేల్చేద్దాం. 2021లో జూనియర్ ఎన్టీఆర్ ఉరుస్ కొన్నప్పుడు మా ఫ్రెండ్స్ గ్రూపులో వారం రోజులు అదే ఫొటో తిరిగింది. అవి ఫొటోల్లో చూసుకోవాల్సినవే. సచిన్‌కి 2002లో ఫియట్ వాళ్లు ఫెరారీ 360 మోడెనా బహుమతిగా ఇస్తేనే దిగుమతి సుంకం ఎవరు కట్టాలని పెద్ద గొడవ అయింది. ఫ్రీగా వచ్చిన బండికే అంత కథ ఉంటే మనమెంత?

మనకు అందే ఇటలీ అంటే ఫియట్. మన దేశంలోనే తయారైన కార్లే కానీ, పుంటో డిజైన్ జుజారోది. తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన శబ్దం ఇంకే హ్యాచ్‌బ్యాక్‌లోనూ నాకు వినపడలేదు. నా జాబితాలోకి మూడు వచ్చాయి. 2001లో వచ్చిన పాలియో 1.6 జీటీఎక్స్, 100 హార్స్‌పవర్ది. లీనియా టీ-జెట్, 1.4 లీటర్ టర్బో పెట్రోల్, 114 హార్స్‌పవర్. ఇక అందరూ కోరుకునేది, 2015 అక్టోబర్‌లో వచ్చిన అబార్త్ పుంటో. అదే 1.4 టర్బో, కాకపోతే 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, తేలు బొమ్మ. అప్పట్లో ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 9.95 లక్షలు.

పాలియోని ఒక్క మాటలో పక్కన పెట్టేశా. పెట్రోల్ కారు ఆర్సీ పదిహేనేళ్లకి రెన్యూవల్‌కి వస్తుంది, ఫిట్‌నెస్ చూపించాలి. ఇరవై ఏళ్లు దాటిన బండిని మొదటి కారుగా కొనడమంటే పెళ్లి చేసుకున్న రోజే కోర్టుకి వెళ్లడం లాంటిది. ముందు నుంచే ఒక కారున్నవాళ్లు కొనుక్కోవచ్చు.

అబార్త్ దగ్గర మాత్రం నేను పడిపోయా. స్పెక్ షీట్ చూసి ఫోన్ కొనొద్దని మీకు పదిసార్లు చెప్పినవాణ్ణే, స్పెక్ షీట్ చూసి టోకెన్ అడ్వాన్స్ కట్టేశా. పది వేలు. ఎర్ర రంగు, ఏపీ రిజిస్ట్రేషన్, బండి విజయవాడ వైపుది. రేటు మాత్రం నేను చూసిన మిగతా అబార్త్‌ల కంటే దాదాపు రెండు లక్షలు తక్కువ. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో ఆరొందల రూపాయల బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉంది. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చితే ఫోన్‌లో ఇంజిన్ కంప్యూటర్ చెప్పేదంతా కనిపిస్తుంది. ఫియట్ కార్ల కోసమే తయారైన మల్టీఈసీయూస్కాన్, అల్ఫాఓబీడీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇంకా లోతుకి వెళ్తాయి. మామూలు యాప్ కూడా మొదటి చూపుకి చాలు. ఎర్రర్ కోడ్స్ సున్నా. అమ్మే ఆయన మొహం వెలిగింది. నాదీ వెలిగేదే, పక్క స్క్రీన్ చూడకపోయుంటే.

చాలామంది చూడని స్క్రీన్ అదే. కోడ్స్ చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. అక్కడ 9 కిలోమీటర్లని ఉంది. రెడీనెస్ మానిటర్లు, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్ లాంటివాటికి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, అన్నీ 'ఇన్‌కంప్లీట్' అని ఉన్నాయి. ఫోన్ అమ్మే ముందు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినట్టే. అడిగితే "మొన్ననే బ్యాటరీ మార్చాం తమ్ముడూ" అన్నాడు. అది నిజం కూడా కావచ్చు, బ్యాటరీ వైరు తీసినా కొన్ని కార్లలో అంతా మళ్లీ మొదలవుతుంది. సరే అన్నా, ఓ వంద కిలోమీటర్లు నడిపి మళ్లీ చూద్దామన్నా. ఒప్పుకోలేదు.

అప్పుడు సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగా. చివరి జానెడు ముక్క మీద ఎండిన బురద గీత, గోరుతో గీకితే సన్నటి పొడి రాలింది. స్టెప్నీ కింద గుంటలోనూ అదే. కారంతా సెంటు వాసన ఎందుకొస్తోందో అర్థమైంది.

మా ప్రాంతంలో పాత కారు కొనేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఒకేసారి పొంగి కాలనీలకు కాలనీలే మునిగాయి. అక్కడ ఆగి ఉన్న కార్లు ఎక్కడికీ పోలేదు. కొన్ని స్క్రాపుకి పోయుంటాయి, మిగతావి కడిగి, పాలిష్ కొట్టి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. నీళ్లలో మునిగిన ఫోన్ వారంలో చచ్చిపోతుంది, మనకి తెలిసిపోతుంది. కారు అలా కాదు. వైరింగ్ కనెక్టర్ల లోపల తుప్పు ఏడాది తర్వాత బయటపడుతుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఉన్నట్టుండి సున్నా అయిందేమో అడిగి చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరు, లోను ఉందా అనేవి కనపడతాయి, మునిగిందా లేదా అన్నది కనపడదు.

పది వేలు తిరిగి రాలేదు. అడిగా, ఫోన్ ఎత్తడం మానేశాడు. నాన్నకి ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక కోపం తగ్గి లెక్కలు వేసుకుంటే, ఆ అబార్త్ మునగని బండి అయినా నాకు తప్పేననిపించింది. దాని గ్రౌండ్ క్లియరెన్స్ 155 మిల్లీమీటర్లు. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద అద్భుతం. మా రోడ్డు మీద మణుగూరు వైపు బొగ్గు లారీ ఎదురొస్తే మార్జిన్‌లోకి దిగాల్సిందే, ఆ దిగే చోట జానెడు లోతు ఉంటుంది. పాల్వంచ దాటి సారపాక వైపు అడవిలో ఒకసారి, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్‌లో ఇంకోసారి అద్దె కార్లో వెళ్తూ టేపు పెట్టి చూసినంత పని చేశా. పైగా అక్కడ చాలా దూరం సిగ్నల్ ఉండదు. అమ్మకి షుగర్, ఖమ్మంలో డాక్టర్. ఇంట్లో ఉండబోయేది ఒకే కారు. రాత్రి పూట అడవి మధ్యలో ఆగిపోతే ఆ తేలు బొమ్మ ఏం చేస్తుంది?

లీనియా టీ-జెట్ దానికంటే ఎత్తుగా ఉంటుంది, డిక్కీ పెద్దది, చూడ్డానికి పెద్దమనిషిలా ఉంటుంది. తొక్కితే మాత్రం టర్బో 2,200 ఆర్‌పీఎం దగ్గర వీపు మీద తడుతుంది. అందరూ అబార్త్ వెంట పడుతున్నారు కాబట్టి దీని రేటు పడిపోయింది. ఫ్లాగ్‌షిప్ ఫోన్ హైప్‌లో పక్కనున్న మంచి ఫోన్ మిస్సయినట్టే ఇది.

ఒక భ్రమ మాత్రం పోగొట్టాలి. "ఫియట్ ఇంజిన్ స్విఫ్ట్‌లో కూడా ఉంది కదా, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి" అంటారు. ఆ ఇంజిన్ 1.3 మల్టీజెట్ డీజిల్. టీ-జెట్ పెట్రోల్ వేరే జంతువు. కొత్తగూడెంలో నేను చూపించే మెకానిక్ అన్న మొదటి రోజే చెప్పాడు: "టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకో." ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, ఇంజిన్ పోయినట్టే. అందుకే మీ బడ్జెట్‌లో నాలుగో వంతు బండికి పెట్టకుండా దాచండి. బెల్ట్ కిట్, వాటర్ పంప్, టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు ఆ డబ్బు తినేస్తాయి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ అదనం. ఆ లెక్క వేయకుండా ఏపీ బండి చవక అనుకోవద్దు, నేను అనుకున్నా.

చివరికి 2014 లీనియా టీ-జెట్, హైదరాబాద్ బండి, 2.9 లక్షలకి తీసుకున్నా. కోడ్స్ చెరిపిన దూరం నాలుగు వేల కిలోమీటర్లు పైనే చూపించింది, ఒక ఎర్రర్ కోడ్ కూడా ఉంది. ఆ కోడ్ చూసి నాకు ధైర్యం వచ్చింది, దాచలేదు కదా. బెల్ట్ బిల్లు లేదు, వచ్చిన వారమే మార్పించా.

నాన్న మొదటిసారి ఎక్కి, ఖమ్మం దాకా ఏం మాట్లాడలేదు. దిగేటప్పుడు "ఇటలీదైతే ఏంది, లారీ వస్తే పక్కకి దిగాల్సిందే గదరా" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం తాళం తనే అడిగాడు.

ప్రస్తుతం ముందు ఎడమ వైపు బుష్ టకటకమంటోంది. పార్ట్ ఆర్డర్ పెట్టి పదకొండు రోజులైంది, ఇంకా రాలేదు. మీలో ఎవరికైనా ఖమ్మం చుట్టుపక్కల దొరికితే చెప్పండి.