శాలువా ఒక చేత్తో, ఎస్మా ఒక చేత్తో

మార్చి 8 దగ్గర పడితే బందరులో శాలువాలకి గిరాకీ. కలెక్టరేట్ మొదలు గుడివాడ మునిసిపాలిటీ దాకా ప్రతి దఫ్తరులోనూ ఒక జల్సా, ఒక మెమెంటో, ఒక ఫోటో. ఎవరికి ఇజ్జత్ దక్కినా నాకు ఖుషీయే. హైదరాబాదు మాసూమా బేగం 1960లో సంజీవయ్య గారి కేబినెట్‌లో మంత్రి అయ్యారు, 1974లో పద్మశ్రీ అందుకున్నారు. ఉర్దూ మీడియంలో అన్నేళ్ళు చదివినా ఈ సంగతి నాకు ఏ ఉస్తాదూ చెప్పలేదు. 2021లో రాయచోటి జకియా ఖానమ్ శాసనమండలి డిప్యూటీ చైర్‌పర్సన్, ఇక్కడ ఉప్పాల హారిక జెడ్పీ చైర్‌పర్సన్. అందరికీ ముబారక్.

నా షికాయత్ వేరు. ఖిద్మత్ అంటే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళదేనా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దివిసీమ 1977ని మరిచిపోని నేల, గాలి మారితే చాలు గుండె దడ. అలాంటప్పుడు నాగాయలంక, కోడూరు ఊళ్ళలో ఏ ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉందో, ఎక్కడ పసిబిడ్డ ఉందో లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? అంగన్‌వాడీ టీచరు దగ్గర, ఆశా దగ్గర. తహసీల్దారు బండి కదిలేది ఆ లెక్క చూసుకునే.

సరిగ్గా వారం తిరిగేసరికి, డిసెంబరు 12న, ఆ అంగన్‌వాడీలే సమ్మెకి దిగారు. టీచరుకి నెలకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు. అదీ తన్‌ఖా కాదట, ‘గౌరవ వేతనం’. అరే భాయ్, పేరులో గౌరవం పెట్టి జేబులో కోత పెట్టడం ఎవరి దిమాగ్‌లో పుట్టిందో! గ్రాట్యుటీ అడిగారు. అదేమీ ఖైరాత్ కాదు, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే ఆ హక్కు వీళ్ళకి ఉందని ఫైసలా చెప్పింది. (హక్కు అనే మాట కూడా అరబ్బీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిందే.) సర్కారు జవాబు 2024 జనవరి 6న వచ్చింది: ఎస్మా. అంటే అత్యవసర సేవల చట్టం. జీతం అడిగితే వీళ్ళు ఉద్యోగులు కారు, సమ్మె చేస్తే మాత్రం అత్యవసరం! ఆ బెదిరింపు మధ్యే 42 రోజులు నిలబడ్డారు.

ఈ మార్చి 8కి సన్మానాల లిస్టు రాసే సాహెబులకి ఒక దరఖాస్తు. హంసలదీవి దారిలో ఏళ్ళ తరబడి పిల్లలకి అన్నం వడ్డించి రిటైరవుతున్న ఏ ఆయా పేరైనా రాయండి. పక్కనే ఆమె సర్వీసు ఎన్నేళ్ళో, రావాల్సిన గ్రాట్యుటీ ఎంతో కూడా రాసి, చెక్కు సిద్ధం చేయండి. శాలువా మర్చిపోయినా ఆమె ఏమీ అనుకోదు.