బెల్టా? చైనా?

శీర్షిక చూసి ఇదేదో విదేశాంగ విధానం మీద వ్యాసమనుకుని పేజీ తిప్పేయకండి. ఇది చైనా దేశం గురించి కాదు. కారు ఇంజనులో తిరిగే గొలుసు గురించి, చాలా కార్లలో దాని స్థానాన్ని ఆక్రమించిన రబ్బరు పట్టీ గురించి. సావనీరు అనగానే ప్రేమకవితలు, యువతరం కర్తవ్యాల మీద వ్యాసాలు ఎటూ ఉంటాయి. వాటి నడుమ ఒక ఇంజనుకు చోటిచ్చిన సంపాదకవర్గానికి ముందుగా నా కృతజ్ఞతలు.

నేను శృంగవరపుకోట రైతుబిడ్డను. చెరకు గానుగ ఆడేటప్పుడు ఆయిలింజనుకీ గానుగకీ మధ్య పొడవాటి బెల్టు వేయడం చూస్తూ పెరిగాను. ఆ బెల్టు జారితే గానుగ ఆగుతుంది, అంతే. ఇంజనుని కాస్త వెనక్కి జరిపి బిగిస్తే మళ్లీ తిరుగుతుంది. పోయేది అయిదు నిమిషాల కాలం. ఎందుకంటే దాని పని బలాన్ని అందించడం మాత్రమే. కారు ఇంజను లోపలి బెల్టు అందించేది బలాన్ని కాదు, వేళను. టైమింగ్ బెల్టు అన్న పేరు అందుకే వచ్చింది.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్ షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. చాలా ఇంజన్లలో పిస్టనూ వాల్వూ ఒకే జాగాను వంతులవారీగా వాడుకుంటాయి, నీటి ఎద్దడిలో రెండు మళ్లకు ఒకే కాలువ ఉన్నట్టు. వంతు తప్పిందా, పిస్టను వచ్చి వాల్వును గుద్దుతుంది. ఈ వంతు తప్పకూడదనే బెల్టుకు లోపలివైపు పళ్లు పెట్టారు.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో కామ్ షాఫ్టు కిందనే, క్రాంకుకు దగ్గరగా ఉండేది. చిన్న గొలుసు సరిపోయింది. కామ్ షాఫ్టుని ఇంజను నెత్తి మీదకి ఎక్కించాక దూరం పెరిగింది. పొడవాటి గొలుసు బరువు, చప్పుడు, ఖర్చు. పైగా దానికి నూనె కావాలి. రబ్బరు బెల్టుకి ఇవేవీ అక్కర్లేదు. 1962లో జర్మనీలో గ్లాస్ 1004 అనే కారు ఈ పళ్ల బెల్టుతో వచ్చింది. ఆ గ్లాస్ కంపెనీ మొదట్లో విత్తనాలు చల్లే యంత్రాలు, వ్యవసాయ పనిముట్లు చేసేదట! రైతుల మధ్య పుట్టిన కంపెనీ కనక నాకు దాని మీద కొంచెం పక్షపాతం ఉంది, దాచను. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800, 1998లో వచ్చిన శాంత్రో బెల్టుతోనే తిరిగాయి. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిలులో మళ్లీ గొలుసు. ట్రాక్టర్లు మాత్రం ఈ గొడవలోకి రాలేదు. వాటిలో పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. చప్పుడైతే అవుతుంది గానీ పొలంలో ఎవరికి అడ్డం?

ఇక అసలు సంగతి. మా పెదనాన్నగారి అబ్బాయి రెండేళ్ల క్రితం టాక్సీ తిప్పుదామని ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. కోట నుంచి అరకు, బొర్రా గుహలు చూపించి తీసుకురావడం అతని పని. మూడో నెలలో అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా, ముందు ఏ చప్పుడూ లేకుండా ఇంజను ఆగిపోయింది. మెకానిక్ కవరు విప్పి చూసి, “బెల్టు తెగిపోనాది బావూ. ఎప్పుడు మార్చేరేటి?” అని అడిగేడు. ఎవరికి తెలుసు! అమ్మినవాడు ఆర్సీ ఇచ్చేడు, ఇన్సూరెన్సు ఇచ్చేడు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఇచ్చేడు. బెల్టు వయసు చెప్పే కాగితం మాత్రం లేదు. వాల్వులు వంగిపోయాయి. హెడ్డు విప్పి బాగు చేయడానికి ఆ ఏడు చెరకు డబ్బు చాలావరకు పోయింది. వేళకి బెల్టు మార్చి ఉంటే అందులో పదోవంతు కూడా అయ్యేది కాదు.

అప్పటినుంచి మా ఊళ్లో “గొలుసు బండే కొనాలి, అది జీవితాంతం ఉంటుంది” అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఈ మాట సగమే నిజం. గొలుసు లింకుల్లో పిన్నులు అరిగి అది సాగుతుంది. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు చాలా ఇంజన్లలో ఆయిలు ఒత్తిడి మీదే పనిచేస్తుంది. ఆయిలు మార్చకుండా తిప్పేవాడికి గొలుసు కూడా శత్రువే. 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిలు ఇంజను గొలుసుదే. ఆ గొలుసు అరగడం పెద్ద గొడవైంది. పైగా దాన్ని గేరుబాక్సు వైపు పెట్టారు కనక మార్చాలంటే ఇంజను దించాల్సిన పరిస్థితి. బెల్టును ఆయిల్లో ముంచి నడిపిద్దామని ఫోర్డ్ వాళ్లు ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజనులో ప్రయత్నించారు. 2013లో అది ఎకోస్పోర్ట్‌తో మన దేశానికీ వచ్చింది. అందులో బెల్టు అరిగి, ఆ పొడి ఆయిలు జల్లెడకు అడ్డుపడిన ఇంజన్లున్నాయి. రెండు పడవల మీద కాలు పెట్టినట్టయింది.

అయినా నా ఓటు గొలుసుకే. కారణం ఒక్కటే: గొలుసు నోరున్నది, బెల్టు మూగది. సాగిన గొలుసు పొద్దున్నే స్టార్ట్ చేయగానే చాలాసార్లు గలగలమంటుంది. హాస్టల్లో 100 సీసీ బండి ఉన్న ప్రతివాడికీ ఆ చప్పుడు తెలుసు. బెల్టు మాత్రం తెగే రోజు దాకా మర్యాదస్తుడిలా ఊరుకుంటుంది. బెల్టు మంచిదంటూ లెక్చరరుగారు ఒకరు నాతో వాదించారు: కంపెనీ చెప్పిన గడువుకు మారిస్తే ఏ బాధా లేదు, నిశ్శబ్దం, చవక అని. ఆయన చెప్పింది నిజమే, కాని అది మొదటి యజమానికి. కంపెనీ మొదటి యజమానిని చూసి ఇంజను గీస్తుంది. మా ఊరికి బండి వచ్చేది మూడో యజమానితో. గడువు పుస్తకం ఎక్కడో రెండో యజమాని ఇంట్లో ఉండిపోతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. “ఎనిమిదేళ్లలో ఇరవై వేలే తిరిగింది, డాక్టరుగారి బండి” అంటే మనం ఎగబడతాం. రబ్బరుకి మీటరు తెలీదు, ఎండలూ ఏళ్లూ తెలుసు. గడువును కిలోమీటర్లలోనూ ఏళ్లలోనూ పెట్టి, ఏది ముందు వస్తే దానికి మార్చమనడం అందుకే. అటువంటి బండి కొనేవాడు బేరంలోనే కొత్త బెల్టు ఖర్చు తీసేసుకోవాలి. పేరు మార్పిడికి ముందే మెకానిక్ దగ్గరికి తీసుకుపోవాలి. బెల్టు మార్చిన తేదీ, మీటరు అంకె బానెట్ లోపల పెయింటుతో రాయించే ఆనవాయితీ మన మెకానిక్కులు మొదలుపెడితే ప్రభుత్వం వారి కాగితం కోసం ఎదురుచూడక్కర్లేదు. రేపు అన్నీ కరెంటు బండ్లే వస్తే బెల్టూ గొలుసూ రెండూ ఉండవంటారు. రానివ్వండి. ఆలోగా మూడో యజమానులు ఘాట్ ఎక్కాలి కదా!

చివరగా మా ఫిజిక్స్ విభాగంవారికి ఒక విన్నపం. థర్మోడైనమిక్స్‌లో కార్నో ఇంజను చదివాం. దానికి వాల్వులుండవు, బెల్టుండదు, అది ఎన్నడూ ఏ రోడ్డు మీదా ఆగిపోలేదు. ఒక పాత మారుతి ఇంజను, బెల్టు కవరు విప్పి, క్రాంకుని చేత్తో తిప్పి చూసేలా లేబరేటరీలో ఒక మూల పెట్టించండి. పాత ఇనుము కొట్లలో దొరుకుతుంది. మోసుకొచ్చే పని మా క్లాసువాళ్లం చూసుకుంటాం.