ఎముకలు ఏరే యాత్ర

పిల్లలూ! ఇంత మూటాముల్లే కట్టుకుని, సొంత డబ్బు ఖర్చుపెట్టుకుని, అడవిలో ఎముకలు ఏరటానికి వెళ్ళేవాళ్ళున్నారంటే నమ్ముతారా?

అమెరికాకూ కెనడాకూ నడుమ సుపీరియర్ అనే మహా సరస్సు ఉన్నది. అందులో 72 కిలోమీటర్ల పొడవున ఐల్ రాయల్ అనే దీవి ఉన్నది. దీవి అంతా జాతీయవనమే. హౌటన్ అనే ఊరినుంచి ఓడలో ఇంచుమించు ఆరు గంటల ప్రయాణం. అక్కడ మోటారుబండ్లు తిరగవు. చలికాలంలో యాత్రికులను రానివ్వరు.

ఈ దీవిలో మూస్ అనే మృగాలున్నాయి. దుప్పి జాతే గాని, గుర్రమంత ఎత్తుంటాయి. మగవాటి కొమ్ములు చేటల్లా ఉంటాయి. వాటిని వేటాడేవి తోడేళ్ళు. 1940ల చివర సరస్సు గడ్డకట్టినప్పుడు ఆ మంచుమీద నడిచి వచ్చాయవి. 1958 నుంచి శాస్త్రజ్ఞులు ఈ రెండు జాతులనూ పరిశీలిస్తున్నారు.

అంత అడవిలో చచ్చిన మూస్‌లను వెతకటం కొద్దిమంది శాస్త్రజ్ఞుల వల్ల అవుతుందా? అందుకే మామూలు మనుషులు సాయం వెళ్ళారు. ఒక్కొక్క జట్టులో అయిదారుగురు. గుడారమూ, వారానికి సరిపడే తిండీ వీపున మోసుకుని, బాట వదిలి, ఒకరికొకరు ఎడంగా నడుస్తారు. దారిలో బురదగుంటలు, కూలిన చెట్లు. ఇక దోమల సంగతి వాళ్ళనే అడగాలి! ఒక్క ఎముక కనబడితే కేకవేస్తారు. అందరూ చేరి చుట్టుపక్కలంతా గాలిస్తారు. తిండి అయిపోయేకొద్దీ సంచీ తేలిక కావాలి గదా? వీళ్ళ సంచీ బరువెక్కుతుంది!

ఆ ఎముకలేం చెబుతాయి? పన్ను కోసి చూస్తే, చెట్టు మానులో వలయాల లాగా గీతలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే మూస్ వయసు తెలుస్తుంది. తుంటి కీలు అరిగి ఉంటే, అది కుంటుతూ బతికిందన్న మాట. ఇలా వేలకొద్దీ మూస్‌ల ఎముకలు చూశాక, తోడేళ్ళు ఎక్కువగా దూడలనూ, ముసలివాటినీ, కుంటివాటినీ పడతాయని రూఢి అయింది. పిక్కబలం ఉన్న మూస్ కాలితో తన్నితే తోడేలు చచ్చినా చావవచ్చు!

2010లో ఇంకొక వింత బయటపడింది. దూడగా ఉన్నప్పుడు తిండి చాలని మూస్‌కు వెనకకాలి ఎముక పొట్టిగా ఉంటుంది. అటువంటివాటికే పెద్దయ్యాక కీళ్ళజబ్బు ఎక్కువగా వచ్చింది. పసితనపు ఆకలి, ఎన్నో ఏళ్ళ తరవాత కుంటితనమై, తోడేలు నోటికి అప్పగించిందన్న మాట.

ఈ మధ్య సరస్సు గడ్డకట్టటం తగ్గింది. బయటినుంచి కొత్త తోడేళ్ళు రావటం అరుదై, ఉన్నవాటి సంతానం నీరసించి, 2016 నాటికి రెండే మిగిలాయి. మూస్‌లు విపరీతంగా పెరిగి చెట్లను తినేయసాగాయి. మనుషులు కలగజేసుకోవచ్చునా అని పెద్ద వాదన జరిగింది. చివరకు 2018, 2019లలో 19 తోడేళ్ళను తెచ్చి వదిలారు. 2024లో అవి 30 దాకా అయినాయి. అవి ఎటువంటి మూస్‌లను పట్టాయో చెప్పవలసిన ఎముకలు ఆ అడవిలో ఎక్కడో పడి ఉన్నాయి.