మత్తడి ఎత్తు పెంచిన కారు

గడచిన మాసమున మా మేనల్లుడు తన కారులో మమ్ము ఖిలా వరంగల్ చూపింప గొనిపోయెను. గణపతిదేవుడారంభింపగా రుద్రమదేవి పూర్తి చేయించిన రాతికోట యది. శత్రువుల గుఱ్ఱములు ఒక్క పరుగున జొరబడకుండ ద్వారమార్గమును వంచి కట్టినారని అచ్చటికేగిన సోదరీమణులెఱుగుదురు. ఆ వంపులో మావాడు మూడవ గేరుననే మెల్లగా తిరుగుచు ఆక్సిలరేటరు నొక్కెను. క్షణకాలము కారు విననట్లే యుండెను. వాడు మఱింత నొక్కెను. అంతట నది యొక్కుమ్మడిగా ముందునకు దుమికెను. ఎదుట గడ్డిమోపుతో నొక ముసలమ్మ! బ్రేకు పడి జానెడు దూరమున నిలిచితిమి. ఆమె తిట్టిన తిట్లన్నియు న్యాయమైనవే.

"భయపడితివా అత్తా? టర్బో అందుకొన్నప్పుడు అట్లే యుండును" అని వాడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చి విషయము విచారించితిమి. ఇంజను వెలిబుచ్చు పొగ యొక చిన్న చక్రమును త్రిప్పును. అదే యిరుసునకు రెండవ కొననున్న చక్రము బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపును. గాలి హెచ్చినకొలది ఇంధనమును హెచ్చుగా మండింపవచ్చును. స్విట్జర్లాండువాడగు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంటు పొందెను. ఈ చక్రములు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగగలవు. కాని ఇంజను మందముగా నున్నప్పుడు పొగ చాలదు. చక్రము వేగమందుకొనుటకు కొంత వ్యవధి పట్టును. ఆ వ్యవధిలో ఓపిక లేక మఱింత నొక్కుటయే ముప్పు. వంపునకు ముందే రెండవ గేరునకు దిగి, మెత్తగా నొక్కినచో కారు మాట వినును.

గాలి ఒత్తిడి మితిమీరకుండ నొక చిన్న తలుపు గలదు. మన పాకాల, రామప్ప చెరువులకు మత్తడి యెట్టిదో దీనికి అది యట్టిది: హద్దు చేరగానే కొంత పొగను చక్రమునకు తగులనీయక ప్రక్కదారిని పంపివేయును. మావాడు ఒక గరాజులో ఇంజను కంప్యూటరు లెక్కలు మార్పించి ఆ హద్దును పెంచుకొన్నాడట! కొంచెము నొక్కిన హెచ్చు ఫలితము వచ్చునట్లును చేయించినాడు. కట్టను బలపఱుపక మత్తడి యెత్తు పెంచిన రైతును ఊరివారేమందురు? ఒత్తిడి మితిమీరిన పిస్టనులు దెబ్బతినును. గేరుబండిలో ఆ బలమంతయు మోయు క్లచ్చు జారి కాలిపోవును. తయారుచేసినవారి నిర్ణయమునకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 సవరణతో అక్రమమైన ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా, లేదా ఆఱు నెలల వఱకు జైలు, లేదా రెండును విధింపవచ్చును.

జుల్మానా మాట వానిని కదలింపలేదు. "ఈ కారులోనే కదా నీ భార్య చంటిదానిని బడికి తీసికొనిపోవుచున్నది? ఆమెకీ మార్పు చెప్పితివా?" అని యడిగితిమి. చెప్పలేదట. ఆ సాయంకాలమే వాడు గరాజునకు పోయెను. పాత లెక్కలు మరల ఎక్కించుటకు వారు మరల సొమ్మడిగిరి. అది మేమే యిచ్చితిమి.